పర్సులో దాచిన స్టిక్కరు

ఎనిమిదేళ్లు నా పర్సులో ఒక స్టిక్కరు ఉంది. వయసులో ఉన్నప్పుడు గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, వీపున మోసినవాణ్ణి. ఈ అగ్గిపెట్టెంత కాగితం బరువుకి మాత్రం నడుం వంగింది. అందుకే మీకు చెబుతున్నాను. మా ప్రత్తిపాడులో నా మాట ఎవరూ నమ్మరు. పొదిలి దగ్గర సుడిగాలికి నా లారీ లేచి, ఆరు చేలు దాటి, టిక్కీ జారకుండా రోడ్డు మీద దిగిందని చెప్పినవాణ్ణి మరి. ఇది మాత్రం కథ కాదు.

చెన్నైలో మిర్చి దించి ఖాళీగా వస్తూ, పాత సామాన్ల గోడౌనులో ఒక పెట్టె చూశాను. మనిషి పడుకునేంత పెట్టె. పైనా కిందా ట్యూబులైట్లు. తెల్లవాళ్లు డబ్బిచ్చి మరీ ఇందులో పడుకుని నల్లబడతారన్నాడు గోడౌనువాడు. నన్ను మించిన కోతలరాయుడు దొరికాడనుకున్నాను. అయినా కొన్నాను. మా చెల్లెలు రత్నం అప్పుడే బ్యూటీ పార్లరు తెరిచింది.

మూత లోపల ఇంగ్లీషులో స్టిక్కరు. పది తప్పినవాడికైనా క్యాన్సర్ అన్న మాట తెలుస్తుంది. స్కిన్ అన్నదీ తెలిసింది. చదివాను. అర్థమైంది. గోటితో గీకి తీసి పర్సులో పెట్టుకున్నాను. పారేయలేదెందుకు? ఇప్పటికీ తెలియదు.

"ఇదేంటన్నయ్యా, శవప్పెట్టెలా ఉంది!" అంది రత్నం.

"రంగు తేల్చే మిషనే పిచ్చిదానా. సినిమావాళ్లంతా ఇందులోంచి లేచినవాళ్లే."

"లైట్ల కింద పడుకుంటే రంగొస్తుందా? ఎండలో పత్తి తీసేవాళ్లు నల్లబడుతున్నారుగా?"

"కల్లంలో మిర్చి చూళ్లేదటే? పండుకాయ ఎండేకొద్దీ రంగు తేరుతుందా లేదా? మనిషీ అంతే. రెండు వైపులా తిరగేసుకోవాలి, అంతే."

"నీ మొహం!" అని పగలబడి నవ్వింది. ఆపైన మెల్లిగా అడిగింది. "ఒట్టేనా?"

"ఒట్టు."

మిర్చితో బతికేవాళ్లం. మిర్చి మాట చెబితే నమ్మకుండా ఎలా ఉంటాం? ఏడుగురు పెళ్లికూతుళ్లు పడుకున్నారు. ఏడుగురూ నల్లగా లేచారు. లోపలి నలుపంతా బయటికొస్తోంది, ఇక తెలుపే అన్నాను. ఒక పెళ్లికొడుకు చర్చిలో పిల్లని గుర్తుపట్టలేక తోడి పెళ్లికూతురి పక్కన నిలబడ్డాడు. క్షమించండి, ఆ ముక్క కల్పించాను. తక్కినదంతా నిజం.

అందరికంటే ఎక్కువ పడుకున్నది రత్నమే. మిషను బాగుందో లేదో తనే ముందు చూసుకునేది. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక పావుగంట, ట్యూబులన్నీ మాడిపోయేదాకా, దాదాపు ఏడాది. ఊరంతా ఆ పెట్టె కథ చెప్పుకుని నవ్వుతుంటే ఆ నవ్వంతా నా చలవేనని మురిసిపోయిన నేను, అందులో ఒళ్లు కాల్చుకుంటున్నది నా తోడబుట్టిందన్న సంగతి జేబులో పెట్టుకుని ఎలా తిరిగాను? సరదాకా? పనికిరానిది తెచ్చానంటారన్న సిగ్గుకా?

పోయిన నెల రత్నం భుజం మీద మచ్చ చూపించింది. పెరుగుతోందట. అదృష్టమా అన్నయ్యా అని అడిగింది. నా నాలుక మీద కథ సిద్ధంగానే ఉంది. భుజం మీద మచ్చ ఉంటే పల్లకీ యోగం అనాలి. ఆ కథ మింగేసి, పర్సు తీసి స్టిక్కరు చేతిలో పెట్టాను.

రత్నం చదివింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

గుంటూరులో డాక్టరమ్మ మచ్చ కోసి పరీక్షకి పంపింది. వారం రోజులు నా నోట ఒక్క కోత రాలేదని మా ఆవిడ నాకూ పరీక్ష చేయించమంది. మామూలు మచ్చేనని తేలింది. ఆస్పత్రి మెట్ల మీద పిల్లాడిలా గెంతాను. రత్నం గెంతలేదు. ఆ లైట్ల దెబ్బ ఏళ్ల తర్వాతైనా బయటపడొచ్చనీ, కొత్త మచ్చ వచ్చినా ఉన్నది మారినా వెంటనే చూపించుకోవాలనీ డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికి రాగానే రత్నం పాత పెళ్లికూతుళ్లకి ఒక్కొక్కరికీ ఫోను కలిపి, స్పీకరు పెట్టి నా ముందు పెట్టింది. చెప్పాను. ఇద్దరు ఏడ్చారు. అయిదుగురు నవ్వారు. "బాబాయ్, ఈసారి కథ బాగా కుదిరింది" అంది ఒకమ్మాయి.

రేపు ఆ అయిదిళ్లకీ వెళతాను, స్టిక్కరు పట్టుకుని. రత్నం నన్ను క్షమించిందా? అడగలేదు, తనూ చెప్పలేదు. రేపు పొద్దున ఏడింటికల్లా తయారుగా ఉండమని మాత్రం అంది.

వీపు మీది టిక్కీ దించినట్టుంది. ఈల వేస్తూ చెప్పులు తుడుచుకుంటున్నాను.