కోడె పొడిచిన గాటు

నా బొమ్మల్లో ముఖాలు అబద్ధమాడవని ఈమధ్య పత్రికల్లో రాస్తున్నారు. చదివినప్పుడల్లా నా మీద నాకే రోత పుడుతుంది.

శంషాబాద్‌లో కిరాయి గదిలో ఉన్న రోజుల్లో చనిపోయినవాళ్ల బొమ్మలు వేసి బతికాను. దినాలకు దండ వేయడానికి ఇంటివాళ్లకు పెద్ద బొమ్మ కావాలి. పొలాలు ప్లాట్లయి డబ్బు చేతికొచ్చినవాళ్లకు ఫ్లెక్సీ కంటికి ఆనదు, రంగులతో చేత్తో వేసిందే కావాలి. బట్టల దుకాణం క్యాలెండర్లో చూసిన ఒకే నీలం కోటును మగవాళ్లందరికీ తొడిగేవాణ్ణి. అక్కడి నుంచి మహేశ్వరం దాకా ఎంతమంది రైతులు గోడల మీద ఆ ఒక్క కోటులో ఇరుక్కుని ఉన్నారో! తలుచుకుంటే ఛీ అనిపిస్తుంది.

ఒకసారి ఒకాయన తన తండ్రి పాత పట్టా పాసుపుస్తకం తెచ్చిచ్చాడు. పొలం పోయినా పుస్తకం ఇంట్లో మిగిలింది. ముసలాయన జన్మలో దిగిన ఫొటో అందులోది ఒక్కటేనట. ఎడమ కనుబొమను రెండుగా చీల్చిన గాటు అందులో స్పష్టంగా ఉంది.

"అన్నా, గా గాటు తీసెయ్. కోటు తొడుగు, చేతికి గడియారం పెట్టు. చూసినోళ్లు రైతు అనుకోవద్దు."

సరేనన్నాను. గాటు లేకపోతే ఆ ముఖమే లేదని నాకు తెలుసు. తెలిసే చెరిపేశాను.

దినాల ముందురోజు, రంగు ఇంకా పచ్చిగా ఉండగానే బొమ్మను వాళ్ల కొత్త ఇంటికి తీసుకెళ్లాను. ముసలాయన భార్య వచ్చి దాని ముందు నిలబడింది.

"కోడె పొడిచిన గాటు ఏది బిడ్డా? మా పెండ్లయిన ఏడాదే పొడిచింది. నేనే పసుపు పెట్టి కట్టిన."

ఆమె ముందుకు వంగి, పచ్చి రంగులో కనుబొమ మీద గోటితో ఒక గీత గీసింది. అంతే, ఆ దిక్కుమాలిన కోటులో కూడా ఆయన ఆయనయ్యాడు. వారం రోజులు కుస్తీపడి నేను తేలేనిది ఆమె గోరు తెచ్చింది.

"ఏందే అమ్మా, బొమ్మంత ఖరాబ్ జేస్తివి!" కొడుకు అరిచాడు. "అన్నా, జర సాఫ్ చెయ్."

కుంచె తీశాను. ఆమె చూస్తుండగానే ఆ గీతను పూడ్చేశాను, నున్నగా, ఎక్కడా జాడ తెలియకుండా. అంత శుభ్రంగా పనిచేసిన నా చేతిని చూస్తే ఇప్పటికీ అసహ్యమే.

ఆమె రంగు అంటిన వేలితోనే నా ముందు చెయ్యి చాచింది.

"పాసుపుస్తకం ఇచ్చిపో బిడ్డా. ఆయనను గా ఫొటోలనే చూసుకుంట."