ఇంటి దీపం మీద ఒట్టు

పెద్దమ్మ పోయిన కబురు నాకు షేర్ ఆటోలో అందింది. దేవరాపల్లిలో రెండు రోజుల ప్రార్థన కూటం ముగించుకుని ఇంటికి వస్తున్నాను. కశింకోటలో ఎక్కగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "అయ్యగారూ, మీ పక్కింటి కూరగాయల మామ్మ పొద్దున్నే పోనాదట. తెలీదేటి?" అన్నాడు. ఎవరు పోయినా ఆదరణ వాక్యం అందుకునే నేను, ఆ పూట ఎన్ని గంటలకని మాత్రం అడిగాను.

వరసకు కాదు, పిలుపుకే పెద్దమ్మ. నేను బడికి వెళ్లినవాణ్ణి కాదు. పరిశుద్ధ గ్రంథం ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. ఆ రోజుల్లో మా అరుగు మీద నా మొదటి శ్రోత ఆవిడే. ఆవిడ దేవుళ్లు వేరు. అయినా బెండకాయల ముచ్చికలు తుంచుకుంటూ వినేది. నా గొంతు పెరిగితే, "ఎందుకు బాబూ అంత అరుపు? నీ దేవుడికి సెవుడేటి?" అనేది. కూటాల్లో నేను కేకలేస్తుంటే ఇప్పటికీ ఆ మాట అడ్డం పడుతుంది.

తెల్లవారకముందే గంపతో అనకాపల్లి మార్కెట్‌కి వెళ్లేది. మనుషులను ఆ గంప దగ్గరే అంచనా కట్టేది. "ఏడాదంతా గీసి గీసి బేరమాడినోడు ఓట్లప్పుడు బేరమాడకుండా కొన్నాడంటే, ఆడితో జాగర్త" అనేది.

మొన్నటి సర్పంచి ఎన్నికలో నిలబడింది ఇద్దరు. ఒకడు మా వీధి మురుగుకాలువను మట్టితో పూడ్చి ప్లాట్లు వేసుకున్నవాడు. రెండోవాడు ఆ కాలువ మళ్లీ తవ్విస్తానన్న టైలరు. పెద్దమ్మ మనసు టైలరు మీదే ఉంది. వానొస్తే నీళ్లు ముందు దూరేది ఆవిడ గుమ్మంలోకే మరి.

పోలింగ్ వారం ఉందనగా ప్లాట్లవాడి మనుషులు ఇంటింటికీ చీరలు పట్టుకొచ్చారు. ఊరికే ఇవ్వలేదు. ఎవరింటి దీపం మీద వాళ్ల చేతే ఒట్టు వేయించారు. మా ప్రార్థనకు వచ్చేవాళ్ల చేత గ్రంథం మీదే చెయ్యి వేయించారు. పెద్దమ్మ కోడలు ముందే చీర అందుకుంది. ఇక ఆవిడకు ఒట్టు తప్పలేదు.

ఆ సాయంత్రం మా అరుగు మీదికొచ్చి కూర్చుంది.

"బాబూ, నీ పుస్తకంలో సూసి సెప్పు. ఒట్టు ఒకడికేసి ఓటు ఇంకోడికి గుద్దితే పాపమేనా?"

"మాట మాటే పెద్దమ్మా. తప్పితే పాపమే."

"ఆడు దొంగని తెలిసినా?"

"ఒట్టు ఎవరికేశావని కాదు, ఎవరి ముందు వేశావన్నది లెక్క" అన్నాను. ఎంత గంభీరంగా అన్నానో! వాక్యం దొరికిన సంతోషంలో ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడలేదు.

"మరైతే ఆడికే గుద్దాలన్నమాట" అని చెంగు దులుపుకుని లేచింది.

అక్కడితో ఆగానా? ఆదివారం కూటంలో అదే అంశం ఎత్తుకుని గంటసేపు ఉరిమాను. వీధి వీధంతా విన్నది. వీధి వీధంతా మాట నిలబెట్టుకుంది. టైలరు ఓడింది పది ఓట్లలోపు తేడాతో. గెలిచినవాడి మనిషొకడు మా గుమ్మం దగ్గర ఆగి, "అయ్యగారూ, మా చీరల కంటే మీ వాక్యమే బాగా పన్జేసింది" అని నవ్వి పోయాడు.

పనితనం చూసి ఓటేస్తారని పాఠాల్లో రాస్తారు. మా వీధిలో భయపడి వేశారు. ఆ భయానికి వాక్యం తొడిగినవాణ్ణి నేనే. తొందరపడి మొక్కుకుని కన్నకూతుర్ని పోగొట్టుకున్న తండ్రి కథ గ్రంథంలోనే ఉంది. విందులో వేసిన ఒట్టు కోసం నీతిమంతుడి తల నరికించిన రాజు కథా ఉంది. రెండూ నాకు కంఠతా వచ్చు. ఆవిడ అడిగినప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

కాలువ తవ్వలేదు. తొలి వానకే పెద్దమ్మ ఇంట్లో చీలమండల దాకా నీళ్లు. ఆ రోజే ఇత్తడి దీపాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. "నా ఇంటి దీపాన్నే నాకు కాపలా పెట్టీసేరు బాబూ. ఇంక దాని మొకం సూడలేను" అంది. మట్టి ప్రమిదతోనే సరిపెట్టుకుంది.

ఈ వానాకాలం ఆ నీళ్లలోనే జారిపడి తుంటి విరిగింది. మంచం పక్కన కూర్చుని, "నా వల్లే పెద్దమ్మా" అన్నాను.

"నీకు నోరెక్కువ గానీ పాపం నేదులే. గుద్దింది నా సెయ్యే కదా" అంది. మళ్లీ తనే, "ఇంకెవరన్నా అలా అడిగితే, ముందు ఆళ్ల మనసేటి సెప్తందో అడుగు. పుస్తకం తర్వాత తెరుద్దువు గాని" అంది. చదువుకోని మనిషి నాకు చెప్పిన పాఠం అది. ఇన్నేళ్ల నా ప్రసంగాల్లో అది లేదు.

నేను ఆటో దిగి పెద్దమ్మ ఇంటికి వెళ్లిన కాసేపటికి సర్పంచి వచ్చాడు. పంచె మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, గుమ్మంలో నిలిచిన నీళ్లు దాటి లోపలికొచ్చాడు. దండ వేసి, "మా మనిషి" అన్నాడు. నేను గ్రంథం తెరవలేదు.

దీపం ఎందుకు అటకెక్కిందో కోడలికి తెలియదు. అటక మీద ఇత్తడి దీపం కనబడితే తోమి, నూనె పోసి, అత్తగారి తల దగ్గర వెలిగించింది. నేల ఇంకా తడిగానే ఉంది. అందుకని దీపాన్ని రెండు ఇటుకల మీద పెట్టింది.