ఆల్బిన్ గొర్షె లంగరు

ఆల్బిన్ గొర్షె అబద్ధాలకోరు కాదు. పెళ్ళాంతో నిజమే చెప్పేవాడు. గనిలో మేస్త్రీతో నిజమే చెప్పేవాడు. పేకాటలో కూడా చాలావరకు నిజమే చెప్పేవాడు. వాలై చేప ఎక్కడ పడిందని అడిగితే మాత్రం, పాపసంకీర్తనం వినడానికి కూర్చున్న ఫాదర్ కున్‌షెక్‌కి కూడా తప్పుడు చోటే చెప్పాడు. అందులో ఫాదర్ తప్పూ లేకపోలేదు. పాపాలు వినమని కూర్చోబెడితే, "అది సరే నాయనా, ఆ పెద్ద చేప దీవికి ఏ వైపున పడింది?" అని అడగవచ్చా?

మా ఉత్తర మిన్నెసోటాలో ఇంటి తాళం పొరుగువాడికిచ్చి వెళ్తాం, చేపల చోటు మాత్రం చెప్పం. సిస్టర్ల బడిలో మాకు ఏ అబద్ధం చిన్న పాపమో, ఏది పెద్ద పాపమో వరసపెట్టి నేర్పారు. చేపల చోటు గురించి ఆడే అబద్ధం ఏ వరసలోకి వస్తుందో వాళ్ళు చెప్పలేదు. మేమూ తెలివిగా అడగలేదు.

చోటంటే సరస్సు నీటి మీద జెండా పాతి ఉండదు. అడుగున ఒక రాతి మిట్ట ఉంటుంది, అంతే. చర్చి గోపురం సరిగ్గా ఒక విరిగిన పైను చెట్టు వెనక్కి రావాలి. ఇటుపక్క గని మట్టిదిబ్బ అంచు దీవి ముక్కుకి తగలాలి. ఆ రెండూ కుదిరినచోట లంగరు వేస్తే, పొద్దు గుంకేవేళకి వాలైలు లోతుల్లోంచి మిట్టమీదికి మేతకొస్తాయి. వాటివి పిల్లి కళ్ళు. వెలుతురు తగ్గేకొద్దీ వాటికి చూపూ, ఆకలీ పెరుగుతాయి.

వెంటపడేవాళ్ళని వదిలించుకోవడానికి ఆల్బిన్ రోజూ ముందుగా కప్పల మడుగులో ఆగి, దొంగగాలం వేసుకుని కాసేపు ఉత్సాహం నటించేవాడు. అది చూసి మోసపోయి నేనక్కడ ఒక శరత్కాలమంతా కూర్చున్నాను. ఒక బూటు దొరికింది. మంచి బూటు. రెండోదాని కోసం మరో ఏడాది కూర్చున్నాను.

వేసవి సందర్శకులు వెళ్ళిపోయి, బర్చి చెట్ల ఆకులు రాలే అక్టోబరులోనే ఆల్బిన్ మనిషిలా ఉండేవాడు. ఈల వేసేవాడు, కుక్కని కూడా మర్యాదగా పలకరించేవాడు. గని పని మానేసిన ఏడాది అతని కుడి భుజం చెడింది. "ఇంకొక్కసారి లంగరు లాగావంటే, లంగరు పైకి రాదు, నీ చెయ్యే కిందికి పోతుంది," అన్నాడు డాక్టరు. లంగరు లేకపోతే గాలికి పడవ ఆ మిట్టమీద నిలవదు. అంటే రెండో మనిషి కావాలి. రెండో మనిషి అంటే చోటు పోయినట్టే.

"మా తమ్ముణ్ణి తీసుకెళ్ళు," అంది పెళ్ళాం పౌలీన్. "లేదా ఇంట్లో కూర్చుని పొటీత్స రొట్టెలోకి అక్రోట్లు రుబ్బు."

"నీ తమ్ముడా! వాడు పోస్ట్‌మాన్. ఉత్తరం కంటే ముందు అందులో విషయం చేరేస్తాడు."

"అయితే రుబ్బు."

కొన్నాళ్ళు రుబ్బాడు. కిటికీలోంచి సరస్సు వైపు చూస్తూ రుబ్బుతుంటే, అక్రోట్లలో సగం నేలపాలయ్యాయి. చివరికి ఒక సాయంత్రం అల్మారాలోంచి దిండు గలేబు ఒకటి తీసి చొక్కాలో దోపుకుని, బావమరిది ఇంటికి వెళ్ళాడు.

ఆ బావమరిది సిరిల్ మ్రాక్. పొద్దున్నే టపా రాకముందు తనొక్కడూ చేపలకి పోయేవాడు. ఎక్కడికని అడిగితే "నది మొగకి" అనేవాడు. ఎవరూ నమ్మేవాళ్ళం కాదు. మర్యాదకి తలాడించేవాళ్ళం.

సిరిల్‌ని పడవెక్కించుకుని, కప్పల మడుగులో నాటకం ముగిశాక ఆల్బిన్ గలేబు తీశాడు.

"ఏంటి బావా ఇది?"

"తలకి తొడుక్కో."

"మా అక్క కుట్టిన పువ్వులున్నాయి దీనిమీద."

"పువ్వులు ముందుకి పెట్టుకో. చేపలు చూసి ముచ్చటపడతాయి."

"ఒడ్డుమీంచి ఎవరైనా చూస్తే శవాన్ని తీసుకెళ్తున్నావనుకుంటారు."

"శవం ఇంత వాగదురా. తొడుక్కో."

సిరిల్ తొడుక్కున్నాడు. దిక్కు తెలియకుండా ఉండాలని ఆల్బిన్ పడవని గిరగిరా తిప్పాడు. తనకే కళ్ళు తిరిగి, గోపురం ఏదో, చెట్టు ఏదో తెలియడానికి కాస్త సమయం పట్టింది. గుర్తులు కలిశాక మోటారు ఆపాడు.

"లంగరు వెయ్యి."

సిరిల్ తడుముకుని లంగరు ఎత్తాడు. ఎత్తినవాడు వెయ్యలేదు. వేళ్ళతో దాన్ని నెమ్మదిగా నిమిరాడు.

"బావా, ఇది ఎక్కడిది?"

"కొన్నాను."

"ఒక కొక్కెం వంకరగా ఉంది."

"అందుకే చవగ్గా ఇచ్చాడు."

"మ్రాక్ అని చెక్కి ఉంది. వేళ్ళకి తగులుతోంది."

"కొట్టువాడి పేరయి ఉంటుంది."

"మా నాన్న చేశాడు బావా దీన్ని. గనిలో పాత డ్రిల్లు ఉక్కుతో. పోయిందని అప్పట్లో ఏడ్చాను కూడా."

"ఎక్కడ పోగొట్టుకున్నావు?"

ఊపిరికి గలేబుమీద పువ్వులు ఉబ్బుతూ, తగ్గుతూ ఉన్నాయి.

"నది మొగలో," అన్నాడు చివరికి.

"నాకు నది మొగలో దొరకలేదే!"

"కొన్నానన్నావుగా?"

ఆ సాయంత్రం చలి ఎంతగా ఉందంటే, అబద్ధాలు కూడా పొట్టిగా వచ్చాయి, ఆపైన అసలు రాలేదు. సిరిల్ మెల్లగా లంగరు దింపాడు. తాడు ఎంత వదలాలో ఎవరూ చెప్పలేదు. సరిగ్గా అంతే వదిలి ముడివేశాడు. పడవ ఒక్కసారి ఊగి మిట్టమీద కుదురుకుంది. ఆల్బిన్‌కే ఎప్పుడూ రెండుసార్లు సరిచేసుకోవలసి వచ్చేది.

ఆ లంగరు ఆల్బిన్‌కి దొరికింది ఈ మిట్టమీదే. అంటే పొద్దున వీడు, సాయంత్రం తను. ఇన్నేళ్ళూ ఒకే రాయి. ఆల్బిన్‌కి ఒళ్ళు మండింది. మోటారు తిప్పి ఇంటికి పోదామనుకున్నాడు. ఇంటికి పోతే అక్రోట్లు. ఏం చెయ్యాలో తేలక గాలం వేశాడు. వేశాడో లేదో ఒక చేప దారాన్ని జర్రున లోతుకి లాగింది. ఆరోగ్యంగా ఉన్న చేత్తో ఆల్బిన్ దాన్ని పడవ పక్కకి తెచ్చేసరికి, సిరిల్ తలమీద గలేబుతోనే నీళ్ళ చప్పుడు విని, ఒక్క ఊపులో చేపని వలలోకెత్తాడు. చేప కుక్కపిల్లంత ఉంది. ఇది నేను కల్పించింది కాదు. ఇద్దరూ విడివిడిగా చెప్పారు, కాబట్టి అబద్ధమైనా ఇద్దరిదీ ఒకటే అబద్ధం.

"తీసెయ్‌రా దాన్ని," అన్నాడు ఆల్బిన్.

"వద్దు బావా. తీస్తే చూసినట్టవుతుంది. రేపు ఫాదర్ అడిగితే, మా బావ నన్నెక్కడికి తీసుకెళ్ళాడో చూడలేదని బైబిలుమీద చెయ్యేసి చెప్తాను. మరి నేను పొద్దున్నే ఎక్కడికి వెళ్తానో తెలియదని నువ్వు చెప్పగలవా?"

ఆల్బిన్ ఆలోచించాడు. సిస్టర్ల బడిలో చదివినవాడు కదా.

"చెప్పలేను."

"అయితే రేపు పొద్దున్నే నువ్వూ నా పడవలోకి రా. నీ భుజంతో పనేముంది, లంగరు నాది."

మర్నాడు తెల్లవారుతుండగా సిరిల్ పడవ ముందుభాగంలో ఆల్బిన్ కాళ్ళు జాపుకుని, అదే గలేబు తన తలకి తొడుక్కుని దర్జాగా కూర్చున్నాడు.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావురా?"

"నీకెందుకు బావా?" అన్నాడు సిరిల్, మోటారు తాడు లాగుతూ.