సమాధుల దొడ్డిలో కయోటీ

మా ఆవిడను ఈ చలిదేశంలో, రెజైనా ఊరి చివర సమాధుల దొడ్డిలో పెట్టింది వేసవిలో. పైన గడ్డి పరిచారు. ఇక్కడ సమాధి రాయి నేలకు సమంగా ఉంటుంది. మంచు పడితే ఎవరు ఎక్కడున్నారో తెలియదు. పక్కనున్న స్ప్రూస్ చెట్టును గుర్తుపెట్టుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లి, రాయి మీది మంచు తుడిచి, ప్రార్థన చేసుకుని వచ్చేవాణ్ణి.

ఒక ఆదివారం నాకంటే ముందే అక్కడ అడుగులున్నాయి. కుక్క అడుగుల్లాంటివే. కానీ కుక్క అటూ ఇటూ తిరుగుతుంది. ఇవి సూదితో కుట్టినట్టు ఒకే వరసలో వచ్చి, సరిగ్గా ఆమె దగ్గర ఆగాయి. అక్కడ మంచు తవ్వి ఉంది. గడ్డి కూడా కొంత చెదిరింది.

మా ఊళ్లో కొత్త సమాధి మీద తుమ్మకంప పరిచేవాళ్లు, నక్కలు తవ్వకుండా. మా అమ్మను పెట్టినప్పుడు ఆ కంప నేనూ మోశాను.

విశ్వాసికి మట్టి సంగతి ఎందుకు? ప్రభువు పిలిచిన రోజున ఎక్కడున్నవాళ్లనైనా లేపుతాడు. చావు జరిగిన ఇళ్లలో, ఆదరణ కూడికల్లో ఎందరికో ఈ మాట చెప్పాను. నమ్మే చెప్పాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. అయినా ఆ వారమంతా అన్నం ముందు కూర్చుంటే ఆ తవ్విన చోటే కనిపించేది. చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరున్నారు? కుటుంబ ప్రార్థనలో ఆమె పాట ఎత్తుకునేది, నేను వాక్యం చదివేవాణ్ణి. ఇప్పుడు పాట లేకుండానే చదువుతున్నాను.

మరుసటి ఆదివారం ఇంటి వెనక అడవి గులాబీ పొద నుంచి ముళ్లకొమ్మలు కోసి సంచిలో పెట్టుకున్నాను. తీరా చూస్తే చలికి కారు స్టార్ట్ కాలేదు. మా సంఘంలో నర్సుగా పనిచేసే చెల్లెమ్మ తన కారులో తీసుకెళ్లింది. ఆమె మా ఆవిడకు బాగా దగ్గర.

నేను కొమ్మలు పరుస్తుంటే కాసేపు చూసి, "ఏంటన్నయ్యగారూ, కంచె వేస్తున్నారా?" అంది.

"నక్క తవ్విందమ్మా. ఇదిగో, చూడు."

"నక్క కాదండీ, కయోటీ. మా వెనక సందులో రోజూ తిరుగుద్ది. దానికి కావాల్సింది ఎలుకలు. మా వదిన జోలికొస్తే వదిన ఊరుకుంటదా?"

ఎన్నాళ్లకో నవ్వొచ్చింది. అంతలోనే ఆమె నా చెయ్యి పట్టుకుని, "అదిగో" అంది.

చెట్ల వరస దగ్గర నిలబడి ఉంది. మన నక్క కంటే పెద్దది, అల్సేషన్ కంటే బాగా చిన్నది. సన్నని కాళ్లు, కోసుగా ఉన్న మూతి, ఆ తలకు మించిన చెవులు. బూడిద, ఎండుగడ్డి కలిసిన రంగు. చివర నల్లగా ఉన్న తోకను కిందికి వేలాడేసి నడుస్తోంది. వెనక కాలు సరిగ్గా ముందు కాలి గుర్తులోనే వేస్తోంది. అందుకే ఆ ఒకే వరస.

ఉన్నట్టుండి ఆగింది. తల పక్కకు వంచి, మంచు కింద ఏదో వింటోంది. నాలుగు కాళ్లతోనూ గాల్లోకి లేచి, ముందు కాళ్లు, మూతి కలిపి మంచులోకి దూకింది. గబగబా తవ్వి తల పైకెత్తేసరికి నోట్లో ఎలుక. గుటుక్కున మింగి మా వైపు ఒకసారి చూసింది.

"జతగా తిరుగుతాయంటారు. దీని జత ఏదో మరి," అంది చెల్లెమ్మ. ఆ మాట ఎందుకన్నానా అనుకుందేమో, కారు వేడి చేస్తానంటూ వెళ్లిపోయింది.

నేను కొమ్మలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాను. గ్లవ్స్‌లోంచి ముళ్లు దిగాయి.

ఆ తర్వాతి ఆదివారం ఒక్కణ్ణే వెళ్లాను. కొత్త మంచు పడింది, స్ప్రూస్ కొమ్మలు కూడా వంగిపోయాయి. మనిషి అడుగు ఎక్కడా లేదు. ఆ కుట్టు వరస మాత్రం ఆమె దాకా వచ్చి, కాస్త ఆగి, ముందుకు పోయింది. దాన్ని తొక్కకుండా పక్కగా నడిచి వెళ్లి, మోకాళ్లూని, రాయి మీది మంచు తుడిచాను.