ముందు కట్ట కట్టినోళ్లదే పాట

మెట్‌పల్లిలో అనసూర్య ఇంటి అరుగు మీద బీడీలు చేసే ఆడవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ముందుగా బీడీల కట్ట కడితే, పాటల డబ్బాలో తర్వాతి పాట వాళ్లది. ఆ కట్టుబాటు పెట్టింది కొమురవ్వ. ఎందుకు పెట్టదు? ఆ వాడలో ఆమె చేతులకు ఎదురు లేదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం వేసి, మూతి మడిచేదాకా చూసేవాళ్లకు చేతులు కనిపించవు, బీడీలే కనిపిస్తాయి.

అందుకే పొద్దంతా డబ్బాలో ఒగ్గు కథ చెప్పే పరశురాములే. డోలు దరువు మీద అతను మల్లన్న కథ ఎత్తుకుంటే కొమురవ్వ గడ్డం పైకి లేచేది, కథంతా తన పుట్టింటివాళ్లదే అయినట్టు. అనసూర్య కోడలు నవ్యశ్రీ డీజే పాటల పిల్ల, డబ్బాలో పాటలు పెట్టేది తన ఫోన్‌తోనే. బీడీ పని ఆ పిల్లకు కొమురవ్వే నేర్పింది గానీ, ఒక్క పాట మాత్రం దక్కనివ్వలేదు.

"గా డీజే పాటింటే గుండెల రోకలి దంచినట్టైతది. నీ ఈడుకు అరుగుతదేమో, నాకరుగదు" అనేది.

అంతలో ఆదిలాబాద్ దిక్కు నుంచి ఖాజాబీ వచ్చి వెనక ఇంట్లో కిరాయికి దిగింది. ఆమె కూడా చాట పట్టుకుని అరుగెక్కింది. ఒకనాడు నవ్యశ్రీ వంట ముగించుకుని ఆలస్యంగా కూర్చుంది, కొమురవ్వ దారపు ఉండేమో చిక్కుపడింది. అది విప్పేలోపు ఖాజాబీ కట్ట కట్టి, "జర నా ఖవ్వాలి పెట్టు బిడ్డా" అంది.

ఎవరో బొంగురు గొంతు మనిషి. వెనక చప్పట్లు. ఒకే మాటను పైకి విసిరి, పట్టి, మళ్లీ విసురుతున్నాడు. కొమురవ్వకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ చిక్కు విప్పుతున్న వేళ్లు ఆగిపోయాయి.

ఆనాటి నుంచి అంట్లు తోమినా అదే గొంతు, పొయ్యి వెలిగించినా అదే గొంతు. ఇంకోసారి వినాలని ఉంది. అడగాలంటే నామోషీ. పక్కింట్లో ఉప్పు బదులు అడగని మనిషి పాట అడుగుతుందా? పైగా పరశురాములు ముందు ఎవడూ నిలవడని నిన్నటిదాకా వాదించిన నోరాయె. అందుకని ఒక ఉపాయం పన్నింది. తాను నెమ్మదిగా చుడితే ఖాజాబీ గెలుస్తుంది, పాట దానంతటదే వస్తుంది.

గెలిచింది నవ్యశ్రీ. తాను నేర్పిన చేతులను కొమురవ్వ లెక్కలో వేసుకోవడం మరిచింది. డబ్బాలో డీజే మోగింది, అరుగు కింది కోళ్లు లేచి పోయాయి. మర్నాడూ అదే తంతు. ఆ దరువుకు పిల్ల చేతులు ఇంకా ఊపందుకున్నాయి. ఖాజాబీ ఎప్పటిలాగే ఆవులిస్తూ చుడుతోంది. వాడలో మాత్రం మాట పుట్టింది, కొమురవ్వ చేతులు సచ్చుబడ్డాయని.

మూడోనాడు అనసూర్య నూనె సీసా తెచ్చి ముందు పెట్టింది.

"మోకాళ్లకు నేను రాసుకునేదే అక్కా. చేతులకు సుత పనిచేస్తది."

"ఎవలి చేతులకు?"

ఖాజాబీ ఇంకో అడుగు ముందుకేసింది. "కొమురక్కా, నీ చాట ఇటియ్యి. నాలుగు నేను చేసిపెడ్త."

తిట్టినా ఓర్చుకునేదేమో. జాలిపడ్డారు. కొమురవ్వ సీసాను కాలితో నెట్టి, చాటను ఒళ్లోకి లాక్కుంది. మోగుతున్న డీజే పాట సగం కాకముందే కట్ట కట్టి అరుగు మీద కొట్టినట్టు పెట్టింది.

"ఇగో. ఎవలియి సచ్చుబడ్డయో సూసుకోండ్రి."

నవ్యశ్రీ మొహం వేలాడేసుకుని పరశురాములు కోసం ఫోన్‌లో వెతికింది.

"ఆయన వద్దు" అంది కొమురవ్వ, కత్తెర వైపు చూస్తూ. "గా బొంగురు గొంతాయనను పెట్టు."

అనసూర్య నోరు తెరిచింది. "ఖవ్వాలా? నీకు నచ్చిందా అక్కా?"

"నచ్చుడేంది? గాయన గొంతుల కఫం ఉన్నది. ఉన్నదా లేదా తేల్చాలె."

ఖాజాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కఫం ఒక్క పాటల తెలుస్తదా అక్కా? నాలుగైదు ఇనాలె."

"అయితే నాలుగైదూ ఇంట. నాకేం భయమా?"

చప్పట్లు మొదలయ్యాయి. కొమురవ్వ చాటలో సగం చుట్టిన బీడీ సగంలోనే ఉండిపోయింది. పాట అవుతుండగా నవ్యశ్రీ కట్ట ఎత్తి చూపింది.

"పెద్దత్తా, ఇగ నా పాట."

"ఆగు పిల్లా. ఇంకా తేల్లేదు."

"కట్టుబాటు పెట్టింది నువ్వే గదా?"

"నేనే పెట్టిన. ఇయ్యాలటికి నేనే తీసేస్తున్న" అంది కొమురవ్వ, డబ్బాను తన మోకాలి దగ్గరికి జరుపుకుంటూ.