టేపు చెప్పిన వరద

మొన్న ఆదివారం చుక్క నీరు ఒడ్డు దాటకుండానే అశోక్‌నగర్‌లో వరద తెప్పించాను. అదీ వాన వెలిసి, ఎండ కాస్తుండగా.

కాలనీ కమిటీలో ఆడవాళ్లకు బాధ్యతలు ఎందుకివ్వరని నిలదీశాను. కార్యదర్శి పదవి అడిగితే కాలనీ పక్కనున్న మురుగు నాలా ఇచ్చారు. వానాకాలమంతా నీటిమట్టం చూసి ఒడ్డు ఇళ్లవాళ్లకు చెప్పాలి. వంతెన రెయిలింగ్ మీంచి రాయి కట్టిన టేపు వదలాలి. రాయి నీళ్లను తాకగానే రెయిలింగ్ దగ్గర అంకె రాసుకోవాలి. రిటైరైన ఇంజినీరు గారు, "ఆ అంకె ఎట్ల అర్థం చేసుకోవాల్నంటే అమ్మా..." అని మొదలుపెట్టారు.

"టేపు చూడటం మాకూ వచ్చు సార్" అని అక్కడే ఆపేశాను.

ఆదివారం పొద్దున ఆరడుగులు. గంటకి ఏడు. ఇంకో గంటకి ఎనిమిదిన్నర. పైనుంచి చూస్తే నురగ, ప్లాస్టిక్ కవర్లు తప్ప ఏమీ తెలియదు. అంకెలనే నమ్మి, ఒడ్డునే ఉన్న లేడీస్ హాస్టల్‌కి పరుగెత్తాను. కిందటేడు నీళ్లొచ్చి అక్కడి అమ్మాయిల గ్రూప్ టూ నోట్సులన్నీ ముద్దయిపోయాయి. మళ్లీ తడిస్తే ఈ ఏడూ పోయినట్టే.

"స్వరూపా, నీళ్లు పెరుగుతున్నాయి. పుస్తకాలు పైకెక్కించండి."

స్వరూప నల్లగొండ పిల్ల, గ్రౌండ్ ఫ్లోర్‌కి పెద్దదిక్కు. "మల్ల వరదనా అక్కా?" అంటూనే సిలిండర్ ఎత్తుకుంది. పన్నెండు మంది అమ్మాయిలు పుస్తకాలు, ట్రంకు పెట్టెలు, బియ్యం డబ్బా మూడో అంతస్తుకి మోశారు. మగవాళ్ల సాయం లేకుండా ఎంత పని చేశామో చూడండని మెట్ల మీద నిలబడి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

అంతలో ఇంజినీరు గారు వచ్చారు. "ఎంతుందమ్మా?"

"ఎనిమిదిన్నర సార్. పొద్దున ఆరే."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "టేపు ఎంత ఎక్కువ దిగితే నీళ్లు అంత కిందికి పోయినట్టు కదమ్మా. రెండున్నర అడుగులు తగ్గినయ్."

అమ్మాయిలందరూ నావైపే చూశారు. స్వరూప చున్నీతో మొహం తుడుచుకుంది.

సామాను దించడానికి నేనూ చెయ్యి వేశాను. నోట్సులు భద్రంగా ఉన్నాయి, నా నడుమే భద్రంగా లేదు. పాపం, వాళ్లే టీ పెట్టిచ్చారు. కమిటీకి రాజీనామా ఇస్తానన్నాను.

"ఎందుకక్కా, నువ్వే ఉండు" అంది స్వరూప. "నువ్వు పెరిగినయంటే మేము నిమ్మళంగ చదువుకుంటం. తగ్గినయన్నవనుకో, అప్పుడు ఉరుకుతం."