ఉదయగిరి శుక్రవారం: ఒకే చెయ్యి, రెండు రీడింగులు

ఉదయగిరి కొండెక్కి కోట చూద్దామని ఈ పేజీ తెరిచినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. దారి చెబుతాను, బస్సుల సంగతీ చెబుతాను. కానీ తొంభైల చివర్లో నేను ఆ దారిన మొదటిసారి ఒంటరిగా వెళ్లింది కోట కోసం కాదు, మా మేనత్త దక్కుతుందో లేదో అన్న భయంతో. అప్పుడు నేను తిరుపతిలో కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్నాను. నెత్తుటి చుక్కలో చక్కెర ఎంతుందో కొలిచే ఎలక్ట్రోడు తయారు చేయడం నా పని. కార్బన్ ముద్ద మీద కంటికి కనపడనంత సన్నటి బంగారు రేణువులు పరిచి, వాటి మీద ఒక ఎంజైము నిలబెట్టేదాన్ని. ఎంజైము చక్కెరను పట్టుకున్నప్పుడు ఎలక్ట్రాన్లు పుడతాయి. బంగారు రేణువులుంటే ఆ ఎలక్ట్రాన్లు సులువుగా ఎలక్ట్రోడును చేరతాయి. ఎంత కరెంటు పారితే అంత చక్కెర ఉన్నట్టు. కాగితం మీద ఇంత తేలికైన ఈ సంగతి ఏడాదిగా నన్ను ఏడిపిస్తోంది. ఒకరోజు ఒక రీడింగు, మర్నాడు ఇంకొకటి. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా నాయన దగ్గర ఇదే గోల పెట్టుకునేదాన్ని. ఆ వారం నాయనే హాస్టలుకు ఫోన్ చేశాడు. "మీ అత్త పడిపోయిందంట పాపా. ఇది రెండోసారి. నాకు కాలు కదలట్లేదు, నువ్వైనా పోయి చూసిరా" అన్నాడు.

నా పరిశోధన చూసే మా సారు మద్రాసులో కొన్న గ్లూకో మీటరును, స్ట్రిప్పుల డబ్బాను నా చేతిలో పెట్టాడు. నేను చేసిన ఎలక్ట్రోడ్లు మాత్రం బీరువా దాటకూడదన్నాడు. ముందురోజు నెల్లూరు చేరి, అక్కడ అత్తకు ఇన్సులిన్ సీసా కొని, ఐసు వేసిన ఫ్లాస్కులో దాచాను. శుక్రవారం పొద్దున ఆరున్నరకు ఉదయగిరి బస్సెక్కాను. ఆ బస్సు సంగం, ఆత్మకూరు మీదుగా పోతుంది. అన్నీ కలిసొస్తే మూడు గంటల ప్రయాణం, ఛార్జీ అప్పట్లో ముప్పై రూపాయల లోపే. సంగం దాకా కిటికీ పక్కన సీటు దొరికితే వదులుకోకండి. పెన్న కాలువల కింద నారుమళ్లు పచ్చగా ఉంటాయి. నేను మాత్రం వాటిని చూసింది తక్కువ, ఒళ్లోని ఫ్లాస్కు మూత తడుముకుంటూ కూర్చున్నది ఎక్కువ. ఐసు కరిగితే మందు పాడవుతుందని ఒక భయం, ఎండకు స్ట్రిప్పులు చెడిపోతాయని ఇంకో భయం. అసలు భయం ఈ రెండూ కావని నాకు తెలుసు.

ఆత్మకూరులో బస్సు ఆగిపోయింది. ఏదో బెల్టు తెగిందట, ఇంకో బస్సు వచ్చేదాకా గంటన్నర పైనే పట్టింది. బస్టాండు పక్కన ఒకామె పులిసిన పిండితో పులిబొంగరాలు పోస్తుంటే ఆకలి లేకున్నా వెళ్లి కూర్చున్నాను. అల్లం కారంతో వేడివేడిగా పెట్టింది. ఆ రుచి ఇప్పటికీ గుర్తుంది, మీరూ తినండి. ఫ్లాస్కులో వేసుకోవడానికి ఐసు ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

"సోడా అంగట్లో ఉండాది. ఏంది పాపా అందులో, పాలా?"

"కాదక్కా, మా అత్తకు చక్కెర జబ్బు. సూదిమందు."

ఆమె చేతిలో గరిటె ఆగింది. "మా నాయన కూడా దాంతోనే పోయినాడు. పొద్దన బాగనే ఉన్నాడు, కళ్లు తిరగతా ఉండాయి అని కూసున్నాడు. ఇంక లేవలా. బిరీన పో తల్లీ" అంది.

ఆ మాట విన్నాక మిగతా బొంగరాలు ఆకులోనే వదిలేసి సోడా అంగడికి పరుగెత్తాను.

ఆత్మకూరు దాటాక అంతా మెట్ట. దూరాన ఉదయగిరి కొండ కనిపించాక కూడా బస్సు చాలాసేపు నడుస్తుంది. దగ్గరికొచ్చేశామని సామాను సర్దేసుకోకండి. అత్త వాళ్ల పల్లె అక్కడినుంచి వరికుంటపాడు వెళ్లే దారిలో ఉంది. బస్టాండు బయట సర్వీసు జీపులుంటాయి, నిండితే కానీ కదలవు. డ్రైవరు పక్కన ఇరుక్కుని, శాంతమ్మ టీచరు ఇంటి దగ్గర దించమన్నాను.

"టీచరమ్మకు ఏమవుతారు మీరు?"

"మేనకోడలిని."

"పోయిన శుక్రవారం నా జీపులోనే ఆసుపత్రికి తీస్కపోదామనుకున్నారు. అంతలోకి లేచి కూసునింది. అంతకుముందు కూడా శుక్రవారమే పడిపోయినాది. గాలి సోకిందని కొందరంటా ఉండారు. నేను నమ్మను గానీ, శుక్రవారం శుక్రవారమే ఏంది మేడం?"

 ఈరోజు కూడా శుక్రవారమే కదా అనుకోగానే ఇంకాస్త వేగంగా పొమ్మన్నాను. జీపులో అందరూ మాట్లాడుకుంటున్నారు, నాకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

నేను దిగేసరికి మధ్యాహ్నం కావస్తోంది. అత్త ఇంటి వసారాలో చాపలు పరిచి ఉన్నాయి. ఈ వైపు బాప్టిస్టు ఇళ్లలో శుక్రవారం ఆడవాళ్లు చేరి ఉపవాస ప్రార్థన పెట్టుకుంటారు. అయిపోయాక ఆ ఇంటివాళ్లే ఏదో ఒకటి పెట్టి ఉపవాసం విడిపిస్తారు. ఆరోజు గంప నిండా కొండ సీతాఫలాలు. విడదీసిన చెక్కలు ఆకుల మీద వరసగా ఉన్నాయి. పాట మధ్యలో ఆగిపోయింది, ఆడవాళ్లంతా గోడవైపు వంగి చూస్తున్నారు. గోడకు ఆనుకుని మా అత్త. రవిక చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంది, పెదవులు వణుకుతున్నాయి. "అత్తా" అంటే నావైపు చూసింది కానీ నన్ను పోల్చుకోలేదు.

లోపలినుంచి ప్రకాశం మామ సిరంజితో వచ్చాడు. అత్తకు రోజూ సూది వేసేది ఆయనే. "మంచిదానివి, సమయానికి వచ్చినావు. చక్కెర బాగా పెరిగిపోయింది, డోసు పెంచమని డాక్టరు చెప్పినాడు. పెరిగినందుకే పడిపోతా ఉండాది. ఇంకొక సూది యేస్తా" అన్నాడు.

"ఒక్క నిమిషం మామా, చూసి వేద్దాం" అన్నాను. అత్త వేలు పొడిచి, చుక్కను స్ట్రిప్పుకు తాకించాను. అప్పటి మీటర్లు రీడింగు చూపడానికి అరనిమిషం పైనే తీసుకునేవి. అంకె వచ్చింది. నాలుగు వందలు దాటింది.

"చెప్పినా గదా!" అని మామ అత్త చేతి మీద చీర చెంగు జరిపాడు.

 మీటరు ఎక్కువంటోంది. కానీ ఈ చెమట, ఈ వణుకు, ఈ చల్లటి ఒళ్లు చక్కెర పడిపోయినవాళ్లవని చదువుకున్నాను. అత్త ఒంటిని నమ్మాలా, అంకెను నమ్మాలా? తక్కువగా ఉన్నప్పుడు ఆ సూది పడితే అత్త మళ్లీ లేవదు. ఎక్కువగా ఉండి నేను సూది ఆపితే, అదీ ప్రాణం మీదికే. పట్టుకున్న చెయ్యి వదలబోతే నా వేళ్లు అత్త వేళ్లకు జిగటగా అంటుకున్నాయి. చూస్తే వేళ్ల సందుల్లో తెల్లటి సీతాఫలం గుజ్జు.

స్ట్రిప్పులోని ఎంజైముకు నెత్తురేదో పండేదో తెలియదు. దానికి చక్కెర తగిలితే చాలు.

"మామా, సూది వద్దు! నీళ్లు, నీళ్లు తెండి!" అని అరిచాను. అంత గట్టిగా పెద్దల మీద ఎన్నడూ అరవలేదు. చెంబునీళ్లతో అత్త చెయ్యి కడిగి, నా చున్నీతో తుడిచి, ఇంకో వేలు పొడిచాను. ఆ అరనిమిషం మీటరు మీదినుంచి చూపు తిప్పలేదు. నలభై ఒకటి.

మామ చేతిలోని సిరంజి నేల మీద పడింది. పంచదార నీళ్లు కలిపి, అత్తను కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా తాగించాం. మామ పక్కనే చతికిలబడి "నేను చంపేసుండేవాణ్ణి, నా చేత్తోనే చంపేసుండేవాణ్ణి" అని ఏడ్చాడు. కాసేపటికి అత్త కళ్లు నిలిచాయి. "ఎప్పుడొచ్చినావే?" అంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు నాకూ వచ్చేసింది.

"పొద్దన ఇడ్లీ పెడితి గదా, తినలా?" అన్నాడు మామ. అత్త నోటినుంచి అప్పుడు సంగతి బయటపడింది. ఆమె శుక్రవారాలు ఉపవాసం ఉంటోందని ఇంట్లో ఎవరికీ తెలియదు. జబ్బు మనిషికి ఉపవాసమేంటని ఆపుతారని ఒక కారణం. ఉపవాసం చేస్తున్నట్టు చెప్పుకుంటే అది ఉపవాసమే కాదన్నది ఆమె పట్టుదల. ఇడ్లీ కోళ్లకు వేసింది. సూది మాత్రం డాక్టరు చెప్పినట్టే బుద్ధిగా వేయించుకుంది. అది వేసేది మామ కాబట్టి తప్పించుకునే వీలూ లేదు.

"చేతి నిండా పండు పెట్టుకుని ఒక్క తొన కూడా నోట్లో వేసుకోలేదా అత్తా?" అన్నాను కోపంగా.

"ప్రార్థన కాకముందే ఎట్ల తినేది?"

"అంత మొక్కుకునేది ఏముంది నీకు?"

అత్త తల వంచుకుని వేళ్లు తుడుచుకుంది. "నీదేదో యంత్రం సరిగ్గా చూపించట్లేదని ఏడస్తన్నావంట గదా. మీ నాయన చెప్పినాడు. అది గట్టెక్కాలనే గదే."

నేను ఆ పర్యటనలో కోట ఎక్కలేదు. రెండురోజులుండి, అత్త చేత పొద్దున్నే తినిపించి, సూదికి ముందు తినడం ఎందుకో మామకు వివరించి తిరిగొచ్చాను. ఆ తర్వాత ఎలక్ట్రోడు మెరుగుపడింది. బంగారు రేణువులు ఎంత సన్నవైతే అంత తక్కువ చక్కెరను కూడా పసిగట్టింది. అందరూ మెచ్చుకున్నారు, నాకు మాత్రం లోపల గుబులు పోలేదు. వేలి మీద పండు రసం ఉంటే అది కూడా అంతే చురుగ్గా, అంతే నమ్మకంగా అబద్ధం చెబుతుంది. ఇప్పటికీ ఎవరి ఇంట్లోనైనా మీటరు కీచుమని మోగితే ముందు అంకె చూడను, మనిషి మొహం చూస్తాను.

మీరు సీతాఫలాల కాలంలో ఉదయగిరి వెళుతూ చక్కెర జబ్బున్న పెద్దవాళ్లను వెంట తీసుకెళితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వేలు పొడిచే ముందు చెయ్యి నీళ్లతో కడిగి, పొడిగా తుడవండి. సూది వేసే ముందు తిన్నారా అని అడగండి. తిన్నామంటే వెంటనే నమ్మకండి. వాళ్లు ఎవరి కోసం పస్తులుంటున్నారో మనకు తెలియదు.